చేతికర్రకు ఇత్తడి పొన్ను: నోరు మెత్తగా, కొస గట్టిగా

చేతికర్ర అడుగున తొడిగే పొన్ను కొస దగ్గర పగలదు, నోటి దగ్గర పగులుతుంది. మిర్యాలగూడలోని నా లేతు దుకాణానికి బాగు చేయమని వచ్చే చేతికర్రల్లో ఎక్కువ వాటిది ఇదే జబ్బు. నేల వైపు ఉండే కొస ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. కర్రను పట్టుకునే పై అంచు నుంచి మాత్రం సన్నని గీత ఒకటి నిలువుగా దిగి ఉంటుంది. మొదట్లో అది కంటికి కనబడదు. గోటితో అంచు చుట్టూ తడిమితే ఒకచోట గోరు తట్టుకుంటుంది. అక్కడి నుంచి నెల తిరిగేసరికి పొన్ను కర్రలో గిలకొడుతుంది, ఆ తరువాత దారిలో ఎక్కడో జారి పడిపోతుంది.

మా ఊళ్లో లేతు పని అంటే రైస్ మిల్లుల పని. షాఫ్టులు, బుష్‌లు, పుల్లీలు వేసుకుంటూ పొద్దు గడుస్తుంది. పొన్నుల పనిలో పెద్దగా మిగిలేది ఏమీ లేదు. అయినా ఆ పని నాకు ఇష్టం. చెరువుగట్టు గుడి మెట్లెక్కే పెద్దవాళ్ల బరువు, గొర్రెల వెంట రోజంతా తిరిగే కురుమల బరువు చివరికి ఆనేది ఈ రెండంగుళాల ఇత్తడి మీదే. అది నమ్మకంగా ఉండాలి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది, దానికి ముందు నా దగ్గరికి కర్రలు ఎక్కువగా వస్తాయి. అప్పుడు హడావుడిగా చేయకుండా ఉండడానికే ఈ పద్ధతిని ఒక వరుసలో పెట్టుకున్నాను. లేతు అందుబాటులో ఉన్నవాళ్లు, కొద్దిగా ఫిట్టర్ పని తెలిసినవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో నిలుపుకోండి. ఒకే ఇత్తడి ముక్క నుంచి మనం రెండు వేర్వేరు గుణాలు అడుగుతున్నాం. కొస గట్టిగా ఉండాలి, లేకపోతే రాళ్ల మీద సొట్టలు పడుతుంది. నోరు మెత్తగా ఉండాలి, లేకపోతే కర్ర ఉబ్బినప్పుడు సాగలేక పగులుతుంది. ఇత్తడిని గట్టిపరిచేది సుత్తి దెబ్బ, డై (నొక్కి ఆకారం తెచ్చే రంధ్రమున్న ఉక్కు దిమ్మ) ఒత్తిడి. మెత్తబరిచేది మంట. కాబట్టి ఎక్కడ ఒత్తాలి, ఎక్కడ కాల్చాలి, ఏది ముందు, ఏది తరువాత అన్నదే ఈ పని మొత్తం.

ఏ ఇత్తడి?

ఇక్కడే సగం మంది దారి తప్పుతారు. దుకాణంలో ఇత్తడి కడ్డీ అడిగితే ఇచ్చేది లేతు మీద సులువుగా తెగే రకం. జామ్‌నగర్‌లో తయారయ్యే కుళాయి సామాను, నట్లు, ఎలక్ట్రికల్ పిన్నులకు వాడేది అదే. అందులో రాగి 58 శాతం దగ్గర ఉంటుంది, సీసం 2 నుంచి 3 శాతం దాకా కలుపుతారు. సీసం ఉన్నందువల్ల పని చకచకా సాగుతుంది, కానీ చల్లగా ఒత్తి ఆకారం మార్చబోతే ఆ ఇత్తడి చీలుతుంది. ఎంత కాల్చి మెత్తబరిచినా దాని స్వభావం మారదు.

మనకు కావలసింది 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్ ఉన్న ఇత్తడి గొట్టం. తుపాకీ తూటాల తొడుగులు చేసేది దీనితోనే. ఇంగ్లీషులో దీని పేరే తూటా ఇత్తడి. చల్లగా ఉండగానే లోతుగా సాగదీయడానికి, గొట్టంలా లాగడానికి, మెడ నొక్కడానికి ఇంతగా లొంగే ఇత్తడి మరొకటి లేదు. ఇతర దేశాల్లో తేలికపాటి వేట తుపాకులు తమ కొలతలకు చేయించుకునేవాళ్లు బజారులో దొరికే తూటా తొడుగును తెచ్చి, డైలలో మెట్లు మెట్లుగా నొక్కి కొత్త మెడ తీస్తారు. వాళ్లు కూడా మెడను మంట చూపి మెత్తబరుస్తారు, అడుగు భాగాన్ని గట్టిగానే ఉంచుతారు. మన పొన్నులో కింద సన్నగా ఉండేది కొస, వాళ్ల తూటాలో పైన సన్నగా ఉండేది మెడ. ఆకారం తలకిందులైనా లోహం నడిచే తీరు ఒకటే. ఖాళీ తూటా తెచ్చి ‘దీన్నే పొన్నుగా బిగించన్నా’ అని అడిగేవాళ్లు అప్పుడప్పుడూ వస్తుంటారు. నేను ముట్టుకోను. ఆయుధాల చట్టం సంగతి అలా ఉంచితే, తూటా అడుగున ఏం మిగిలి ఉందో తెలియకుండా దానికి మంట చూపడం ప్రాణంతో చెలగాటం.

70-30 గొట్టం మా దగ్గర చిల్లరగా దొరకదు. నేను సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి తెచ్చుకుంటాను. తూకానికి అమ్ముతారు. అది కూడా దొరక్కపోతే 63-37 ఇత్తడి గొట్టం పనికొస్తుంది, కాకపోతే మధ్యలో ఇంకోసారి అదనంగా కాల్చాల్సి వస్తుంది. కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. గొట్టం కొసలో చిన్న బెజ్జం వేసి చూడండి. సీసం ఉన్న ఇత్తడి నూకల్లాంటి పొడిగా రాలుతుంది. 70-30 అయితే డ్రిల్లు బిట్టు చుట్టూ పొడవైన చుట్టలు తిరుగుతుంది, చేతికి చుట్టుకుంటుంది. ఈ తేడాను ఒకసారి చూశారంటే ఇక ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

కొలతలు, బరువు

ఇక్కడ చెప్పే కొలతలన్నీ అడుగున 20 మిల్లీమీటర్ల మందం ఉన్న వెదురు కర్రకు. బయటి కొలత 22, గోడ మందం 1 మిల్లీమీటరు ఉన్న గొట్టం, పొడవు 50 మిల్లీమీటర్లు. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.5 గ్రాములు, ఆ లెక్కన ఈ ముక్క 28 గ్రాములు తూగుతుంది. అదే కొలతకు 2 మిల్లీమీటర్ల ఇనుప గొట్టం వాడితే 49 గ్రాములు. తేడా 21 గ్రాములే కదా అనిపిస్తుంది. కానీ ఆ బరువు కర్ర చిట్టచివర ఉంటుంది. ప్రతి అడుగుకూ దాన్ని ఎత్తి ముందుకు ఊపాలి. డెబ్బై దాటిన మణికట్టుకు ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. చేతికర్ర మొత్తం పావు కిలో దాటకూడదన్నది నా పట్టుదల.

కర్ర విషయం క్లుప్తంగా చెబుతాను. సాధనపు వెదురు మంచిది, లోపల దాదాపు నిండుగా ఉంటుంది. నల్లమలలో విరివిగా పెరుగుతుంది కానీ అడవిలోకి వెళ్లి మీరు కొట్టుకురావద్దు, అమ్రాబాద్ వైపు అది పులుల అభయారణ్యం. మేదరుల దగ్గర కొనండి. నీడలో బాగా ఆరిన కర్రే తీసుకోండి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు ముడుత ఎక్కడికి వస్తుందో కర్ర పిడి అక్కడికి రావాలి.

డైలు

నాలుగు డైలు కావాలి. రంధ్రాలు వరుసగా 20.5, 19, 17.5, 16 మిల్లీమీటర్లు. ఒక్కో మెట్టుకు వ్యాసం 7 నుంచి 9 శాతం తగ్గుతుంది. తొందరపడి 22 నుంచి ఒకేసారి 19కి నెట్టితే గోడ లోపలికి ముడతలు పడుతుంది. ఆ ముడతను తరువాత ఏ విద్యతోనూ తీయలేం.

కొద్ది పొన్నులే చేస్తామంటే ఈఎన్-8 ఉక్కు ముక్క చాలు, గట్టిపరచక్కరలేదు. లోపలికి వెళ్లే దారిని గరాటు మాదిరి వాలుగా తీయండి. వాలు ఒక్కో పక్క 10 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. వాలు ఎక్కువైతే ఇత్తడి ముడుచుకుంటుంది, మరీ తక్కువైతే రాపిడి పెరిగి ఇరుక్కుపోతుంది. వాలు, రంధ్రం కలిసే చోట కోణం మిగలకుండా గుండ్రంగా చేయండి. తరువాత ఎమరీ కాగితంతో 600 నంబరు దాకా, ఆపైన పాలిష్ పేస్టుతో అద్దంలా మెరిసేదాకా తోమండి. పాలిష్ పని బద్ధకం అనిపిస్తుంది కానీ డైలో మిగిలిన ప్రతి గీతా మీరు చేసే ప్రతి పొన్ను మీదా పడుతుంది.

డైని లేతు చక్‌లో బిగించండి. మిషన్ ఆగి ఉండాలి, తిప్పే పని లేదు. టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా ఉండే లేతు భాగం) చక్రం తిప్పుతూ గొట్టాన్ని డైలోకి నెట్టాలి. గొట్టం వెనుక భాగం నేరుగా టెయిల్‌స్టాక్‌కు ఆనకూడదు. 19.9 మిల్లీమీటర్ల మెడ, 25 మిల్లీమీటర్ల భుజం ఉన్న ఇనుప దిమ్మ ఒకటి చేసుకుని, మెడను గొట్టంలో దూర్చి, భుజం మీద అంచు సమంగా ఆనేలా నెట్టండి. లోపల ఆ మెడ ఉన్నందువల్ల నోరు నలగదు. బయటికి తీయడానికి హెడ్‌స్టాక్ (చక్ ఉన్న వైపు భాగం) బోలు లోంచి పొడవాటి కడ్డీ దూర్చి, మెల్లగా తడితే చాలు. లేతు లేనివాళ్లు డైని బల్ల మీద పెట్టి చేతి ప్రెస్సుతో నెట్టవచ్చు. సుత్తితో కొట్టి దించాలని చూడకండి, పక్కకు ఒరుగుతుంది.

మంట

గొట్టం బజారు నుంచి వచ్చేటప్పుడే కొంత గట్టిగా ఉంటుంది. దాన్ని మొత్తం కాల్చవద్దు. మధ్య భాగం అలా గట్టిగానే ఉండాలి, నెట్టేటప్పుడు అది ఒత్తిడి తట్టుకోవాలి, తరువాత రాళ్ల దెబ్బలు తట్టుకోవాలి. సన్నబడాల్సిన కొస భాగాన్నే కాల్చాలి.

లోతు తక్కువ ఉన్న ఇనుప పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి, ముక్కను నోరు కిందికి వచ్చేలా అందులో నిలబెట్టండి. నీళ్లలో ఉన్న భాగం నూరు డిగ్రీలు దాటదు కాబట్టి అక్కడి గట్టితనం చెక్కుచెదరదు. నీళ్లపై ఉన్న కొసకు గ్యాస్ టార్చి మంట చూపుతూ పళ్లేన్ని మెల్లగా తిప్పండి. ఒకే వైపు కాలిస్తే ఒక పక్క మెత్తగా, మరో పక్క గట్టిగా మిగిలి డైలో వంకర పోతుంది.

ఎంత కాల్చాలన్నది కంటి పని. దుకాణం షట్టరు సగం దించి, నీడలో చేయండి. ఎండ వెలుతురులో ఎరుపు కనబడదు, కనబడే సరికి మితి మీరిపోయి ఉంటుంది. నీడలో చూస్తుంటే ముందు ఇత్తడి రంగు మసకబారుతుంది, తరువాత అంచున ఉందా లేదా అన్నట్టు ఎరుపు తోస్తుంది. ఆ క్షణమే మంట తీసేయండి. అది 500 డిగ్రీలు దాటిన గుర్తు, మనకు అంతే కావాలి. అక్కడ ఆగకుండా పండు ఎరుపు దాకా తీసుకెళ్తే ఇత్తడి లోపలి రేణువులు పెద్దవైపోతాయి. తరువాత డైలో నొక్కినప్పుడు ఉపరితలం బత్తాయి తొక్కలా గరుకుగా లేస్తుంది. ఆ ముక్క బలహీనం, పక్కన పడేయండి. ఇంకా ముందుకు పోయి తెల్లని పొగ లేచిందంటే జింక్ ఆవిరవుతోందన్నమాట. జింక్ 907 డిగ్రీలకు మరుగుతుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలిజ్వరం పట్టుకుంటుంది. గాలి ఆడే చోట పని చేయండి.

కాలిన ముక్కను నీళ్లలోకి తోసేయవచ్చు, గాలికి వదిలేయవచ్చు. ఉక్కు పని అలవాటైన వాళ్లు నీళ్లలో ముంచితే గట్టిపడుతుందేమోనని భయపడతారు. ఈ ఇత్తడికి ఆ గుణం లేదు. కాలిన చోట పట్టిన నల్లని పొరను మాత్రం తప్పక తీసేయాలి, లేకపోతే అది డైని గీరుతుంది. చింతపండు పులుసులో ఉప్పు వేసి కాసేపు నానబెట్టి తోమితే చాలు. కొందరు సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడతారు. వాడితే పదో వంతుకు మించకుండా, నీళ్లలోకి యాసిడ్ పోయండి, యాసిడ్‌లోకి నీళ్లు ఎన్నడూ పోయకండి. నాకు చింతపండే చాలు.

నెట్టడం

డైకీ ముక్కకూ మధ్య ఆముదం రాయండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఒకప్పుడు ఆముదం పంట విరివిగా ఉండేది. అది చిక్కగా ఉంటుంది, ఒత్తిడికి పక్కకు జారిపోకుండా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. వేలి కొనతో పలుచగా పూస్తే సరిపోతుంది. ధారాళంగా పోస్తే నూనె వాలు దగ్గర ఇరుక్కుంటుంది. నూనె నలగదు కాబట్టి ఇత్తడే లోపలికి నలుగుతుంది, మెరిసే సొట్ట ఒకటి మిగులుతుంది. అలాంటి సొట్ట కనబడితే డైని గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టండి.

20.5 డైలోకి 26 మిల్లీమీటర్ల పొడవు నెట్టండి. తరువాత 19 డైలోకి 22 మిల్లీమీటర్లు. ఇప్పుడు మళ్లీ నోరు నీళ్లలో పెట్టి కొసను కాల్చండి, శుభ్రం చేయండి. తరువాత 17.5 డైలోకి 18 మిల్లీమీటర్లు, చివరగా 16 డైలోకి 14 మిల్లీమీటర్లు. ఈ చివరి రెండు మెట్ల మధ్య, వాటి తరువాత కొసను కాల్చకూడదు. కొసకు మనం కోరుకున్న గట్టితనం వచ్చేది ఈ రెండు మెట్లలోనే. మెత్తబడిన 70-30 ఇత్తడి గట్టితనం వికర్స్ కొలతలో 65 ప్రాంతంలో ఉంటుంది. చల్లగా బాగా ఒత్తిడి తిన్నది 150 దాటగలదు. మన రెండు మెట్లతో అంత దూరం పోకపోయినా, కాల్చిన ముక్కకూ దీనికీ తేడా ఆకురాయి ఆనించగానే తెలుస్తుంది.

టెయిల్‌స్టాక్ చక్రం తిప్పుతుంటే చేతికి ఒక నిలకడైన బరువు తగులుతుంది. అది ఉన్నట్టుండి తేలికైతే ఆగండి, ఎక్కడో ముడత పడిందన్నమాట. ఉన్నట్టుండి బిగుసుకుంటే నూనె ఆరిపోయింది లేదా ముక్క పక్కకు ఒరిగింది. ఈ చక్రానికి ఇనుప గొట్టం తగిలించి బలవంతంగా తిప్పేవాళ్లను చూశాను. చేయవద్దు. మన మణికట్టుకు తెలిసే సంగతి ఆ పొడవాటి గొట్టం చివర తెలియదు.

నాలుగు మెట్లూ అయ్యాక మైక్రోమీటరు పెట్టి చూడండి. వ్యాసం తగ్గినచోట ఆ ఇత్తడి ఎక్కడికో పోవాలి కదా, కొంత గోడలోకి, కొంత పొడవులోకి పోతుంది. 1 మిల్లీమీటరు గోడ కొస దగ్గర 1.2 దాకా మందం తేలుతుంది, ముక్క పొడవు కాస్త పెరుగుతుంది. కొలత కూడా డై రంధ్రం కన్నా వెంట్రుకవాసి ఎక్కువే ఉంటుంది, బయటికి రాగానే ఇత్తడి కొంచెం వెనక్కి విచ్చుకుంటుంది. రెండు అంచులనూ లేతు మీద సమంగా కోసి, లోపలా బయటా పదును లేకుండా గీకండి. నోటి అంచు మీద వదిలేసిన చిన్న గాటు నుంచే రేపు పగులు మొదలవుతుంది. గోరు పెట్టి చుట్టూ తిప్పితే ఎక్కడా తట్టుకోకూడదు.

పొన్ను మీద నాలుగు మెట్లు వరుస కంకణాల మాదిరి కనబడతాయి. కొందరు వాటిని ఆకురాయితో చదును చేస్తారు. నాకు వాటిని అలా ఉంచడమే ఇష్టం, గోడ మందం పోగొట్టుకోవడం దేనికి?

నోరు, ఇంకా కనబడని ఒత్తిడి

ఇప్పుడు ముక్కను తిరగేయండి. కొస నీళ్లలో ఉండేలా నిలబెట్టి, పైన నోటి అంచు నుంచి పది మిల్లీమీటర్ల మేర మాత్రమే మంట చూపండి. నీళ్ల మట్టం మెట్లన్నీ మునిగేలా ఉండాలి. ఎరుపు తోచీ తోచనట్టు ఉండగానే ఆపేయండి. సరిగ్గా చేస్తే నోటి కింద నీలి ఛాయ ఒకటి పట్టీలా మిగులుతుంది. పాలిష్ చేస్తే పోతుంది కానీ నేను తీయను, కొనేవాళ్లకు అది చూపించే ఇస్తాను.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. డైలో నలిగిన ఇత్తడిలో ఒత్తిడి దాగి ఉంటుంది. చూడాలనుకుంటే ఒక పొన్నును త్యాగం చేసి, హ్యాక్‌సా బ్లేడుతో నిలువునా కోయండి. కోత ముగిసే క్షణంలో అంచులు వాటంతట అవే విచ్చుకుంటే లోపల లాగుడు ఉన్నట్టే. అలాంటి ఇత్తడికి అమ్మోనియా, తడి తోడైతే పగులు ఖాయం. బ్రిటిష్ సైన్యం మన దేశంలో తూటాలను వానకాలంలో గుర్రపుశాలల దగ్గర నిలవ ఉంచినప్పుడు వాటి తొడుగులు ఎవరూ ముట్టకుండానే చీలిపోయేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా అని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు. మన కురుమల కర్ర రాత్రి ఎక్కడ ఉంటుంది? గొర్రెల దొడ్డిలో, తడి నేలలో గుచ్చి ఉంటుంది. వానకాలంలో కర్ర నీళ్లు పీల్చి ఉబ్బి నోటిని లోపలి నుంచి నెడుతుంది. తడి, అమ్మోనియా, లాగుడు మూడూ ఒకేచోట కలుస్తాయి. అదే పొన్ను పట్నంలో గచ్చు నేల మీద తిరిగే పంతులు గారి కర్రకు ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. ‘నీ పొన్ను మంచిది కాదు’ అని ఒక కురుమ పెద్దాయన నాతో గట్టిగా వాదించాడు. ఆయన కర్ర వాసన చూశాకే నాకు ఈ మెలిక అర్థమైంది.

దీనికి మందు సులువు. ముక్క మొత్తాన్ని 250 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచండి. గట్టితనం తగ్గదు, దాగిన లాగుడు మాత్రం సడలుతుంది. కేకులు చేసే ఓవెన్ ఉంటే అందులో పెట్టవచ్చు. నేను ఇనుప మూకుడులో సన్న ఇసుక పోసి, పొన్నులను అందులో పూర్తిగా కప్పి, ఇసుకలో థర్మామీటరు గుచ్చి సన్నని మంట మీద ఉంచుతాను. పొన్నులు మూకుడు అడుగుకు తగలకూడదు. గంట తరువాత ఇసుకలోనే చల్లారనివ్వండి. దీని తరువాత మళ్లీ ఒక ముక్కను నిలువునా కోసి చూడండి, అంచులు ఉన్నచోటే ఉండాలి.

మొన, బిగింపు

నేలను తాకే మొన వేరే ముక్క. ఇది లేతు మీద కోసేదే కాబట్టి జామ్‌నగర్ రకం కడ్డీ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. కొస లోపలి కొలత చూసుకుని, దానికి సరిపడా 13.5 మిల్లీమీటర్ల కాడ, దాని పైన 15 మిల్లీమీటర్ల తల, తల మందం 4 మిల్లీమీటర్లు. కాడ పొడవు 20, అందులో 6 బయటికి కనబడుతుంది. తల వైపు నుంచి 9 మిల్లీమీటర్ల బెజ్జం 16 లోతు దాకా వేస్తే బరువు 22 గ్రాములకు దిగుతుంది. దీన్ని నోటి లోంచి వేసి కిందికి దించాలి. తల మెట్టు మీద ఆగిపోతుంది, కింది నుంచి ఊడదు. అడుగు వేసినప్పుడు మొన పైకి నెట్టి కర్రకు ఆనుతుంది. అంటే మనిషి బరువు కర్ర నుంచి నేరుగా మొనకు దిగుతుంది, పలుచని గోడ మీద పడదు. గోడ చేసేది రెంటినీ కలిపి పట్టుకోవడమే. అందుకే 1 మిల్లీమీటరు మందం సరిపోతుంది.

కర్ర అడుగును 20 నుంచి 15కు సన్నగా చెక్కి, కొన చదునుగా కోసి, మొన తల మీద పూర్తిగా ఆనేలా చూసుకోండి. పొన్నును కాల్చి వేడి మీద బిగిస్తే చల్లారాక పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు, ఎడ్లబండి చక్రానికి పట్టా వేసినట్టు. పట్టాది పెద్ద వ్యాసం, అక్కడ నడుస్తుంది. 20 మిల్లీమీటర్ల ఇత్తడి నోరు 150 డిగ్రీలు వేడెక్కినా 0.06 మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది. ఆ కాస్త దానికోసం వెదురు మాడిపోతుంది. మేకు కూడా కొట్టవద్దు, మేకు బెజ్జం పగులుకు పుట్టిల్లు.

చేయాల్సింది లక్క. పొన్ను కర్ర మీద చేత్తో నెడితే ఎక్కేంత వదులు ఉంచండి, చుట్టూ కాగితం మందం ఖాళీ ఉంటే మంచిది. లక్కలో మెత్తని ఇటుక పొడి కలిపి కరిగించి, పొన్నును కాస్త వెచ్చచేసి, లోపల పూసి, కర్రను దూర్చి నిలువుగా నొక్కి పట్టుకోండి. ఈ బిగింపు ఏప్రిల్, మే నెలల్లో చేయడం ఉత్తమం. అప్పుడు వెదురు బాగా ఎండి సన్నబడి ఉంటుంది. వానల్లో బిగించింది ఎండాకాలానికి వదులవుతుంది. ఎండలో బిగించింది వానల్లో ఉబ్బితే లక్క పొర, మెత్తని నోరు ఆ ఉబ్బును ఓర్చుకుంటాయి.

వాడేవాళ్లకు నేను చెప్పేవి కొన్నే. దొడ్డి నుంచి వచ్చాక పొన్నును మంచినీళ్లతో కడిగి తుడవండి. ముక్కు పుటాలు అదిరే ఘాటు వాసన ఉన్న ఇత్తడి పాలిష్‌లు వాడకండి, చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. చింతపండుతో తోమి కడిగేయండి. మే నెలలో కర్రను ఎండలో బండ మీద వదిలేయకండి, లక్క వేడికి మెత్తబడుతుంది. గచ్చు నేలల మీద తిరిగేవాళ్లు మొనకు రబ్బరు తొడుగు వేయించుకోండి.

బయటికి కనబడే మొన 2 మిల్లీమీటర్లకు అరిగినప్పుడు మార్చాలి. వేడినీళ్లు మరుగుతున్న గిన్నెలో పొన్నును కాసేపు ముంచితే లక్క సడలుతుంది. గుడ్డతో పట్టుకుని మెలిపెడితే పొన్ను ఊడి వస్తుంది. మొనను కింది నుంచి లోపలికి తడితే నోటి లోంచి బయటపడుతుంది. కొత్త మొన వేసేముందు పాత లక్కంతా గీకి, నోటి అంచు చుట్టూ ఒకసారి గోరు తిప్పి చూడండి. ఎక్కడా తట్టుకోకపోతే అదే పొన్ను మళ్లీ వాడుకోవచ్చు.